పైకి చదివే రాయి, కిందికి చదివే ఇనుము

వీరగల్లును, అంటే పోరులో పోయిన మనిషికి ఊరు నిలిపిన రాయిని, కింది నుంచి పైకి చదవాలి. అడుగున ఆవులు ఉంటాయి. వాటి మీద మనిషి నిలబడతాడు. ఆ మనిషి తల దాటాక దేవకన్యలు వస్తారు. కోలారు జిల్లాలో ముళబాగిలు, బంగారుపేట, శ్రీనివాసపుర వైపు పల్లెల్లో తిరిగినవారికి ఈ రాళ్లు కొత్త కాదు. చెరువు కట్ట మీద ఒకటి, చింతచెట్టు కింద ఒకటి, పొలం గట్టున నడుము దాకా మట్టిలో కూరుకుపోయి ఇంకొకటి. కొన్నింటికి పసుపు కుంకుమలు అందుతున్నాయి, కొన్నింటికి మేకలను కట్టేస్తున్నారు. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం మాట్లాడే ఊళ్లు ఇవి. ఈ రాళ్లు నిలిపిన కాలంలో ఈ నేల గంగులది, బాణులది, నొలంబులది. గంగరాజులు తమను కువలాలపురవరేశ్వరులమని చెప్పుకున్నారు. ఆ కువలాలపురమే కోలారు. నొలంబుల రాజధాని హేమావతి ఇప్పుడు మన శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. కాబట్టి ఈ శిల్పం మనకు పరాయిది కాదు. హేమావతి స్తంభాల మీద నునుపుదేరిన చేయే ఇక్కడి పల్లెల్లో గరుకు రాతిని పట్టుకుంది.

వీటిని చూడటానికి ఒక వేళ ఉంది. మిట్టమధ్యాహ్నం వెళితే మాసిన బండ తప్ప ఏమీ కనిపించదు. చెక్కడం లోతు అంగుళం కూడా ఉండదు చాలాచోట్ల. పొద్దున ఏటవాలు ఎండ పడ్డప్పుడు మాత్రం ప్రతి గీత పక్కన సన్నటి నీడ పుడుతుంది, ఆ నీడతో బొమ్మ లేస్తుంది. ముందు భుజం, తరువాత విల్లు, ఆ తరువాత మోకాలు. చూస్తుండగానే ఒక మనిషి రాతిలోంచి ఇవతలికి వస్తాడు.

అలాంటి ఒక రాయి ముందు కాసేపు నిలబడదాం. వీరుడు రాతినంతా ఆక్రమించాడు. కుడికాలు ముందుకు వంగి ఉంది, ఎడమకాలు వెనక్కి చాచి నేలను తన్నిపట్టింది. శిల్పశాస్త్రం ఆలీఢం అనే విలుకాడి నిలకడ అది. ఎడమచేత విల్లు, కుడిచెయ్యి చెవిదాకా లాగి ఉంది. సిగ పక్కకు ముడివేసి ఉంది. నడుముకు కత్తి. ఎదుటినుంచి వచ్చిన బాణాలు రొమ్ములో ఒకటి, పొట్టలో ఒకటి, తొడలో ఒకటి దిగి, తోకలు బయటికి కనిపిస్తున్నాయి. అయినా లాగిన చెయ్యి సడలలేదు. కాళ్ల దగ్గర ఆవులు చిన్నచిన్నవి, జానెడు కూడా లేవు. కానీ వాటిని ఎంత మురిపెంగా చెక్కాడో చూడండి. ఒక ఆవు మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. ఒకదాని పొదుగు కింద దూడ ఉంది. పైన కుడిమూలన ఇద్దరు దేవకన్యలు, ఏటవాలుగా, కాళ్లు వెనక్కి మడిచి, ఎగురుతున్నారని తెలిసేట్టు. ఒకరి చేతిలో వింజామర.

ముఖం అరిగిపోయింది. పదకొండు వందల ఏళ్ల వానలకు కళ్లూ ముక్కూ కలిసిపోయాయి. అందువల్ల మనకు నష్టం జరగలేదని నా నమ్మకం. భావమంతా మోకాలిలోకి, భుజంలోకి వచ్చి చేరింది. వీరరసానికి స్థాయిభావం ఉత్సాహమని భరతుడు చెప్పాడు. కోపం కాదు, పగ కాదు. ఆ శాస్త్రం చదివాడో లేదో తెలియని పల్లె శిల్పి ఆ మాటను ఇక్కడ వంగిన మోకాలితో చెప్పాడు. మూడు బాణాలు దిగిన ఒళ్లు అది, వేదన చెక్కడానికి ఎంతో చోటుంది. అతడు వేదన చెక్కలేదు, శోకం చెక్కలేదు, ఏడుస్తున్న భార్యను చెక్కలేదు. అదంతా చూసేవాడి గుండెకు వదిలిపెట్టాడు. ఆవు మెడ తిప్పి వెనక్కి చూస్తోందే, అక్కడొక్కచోట మాత్రం కరుణ సన్నగా కారింది. వీరానికి అంగంగా కరుణ నిలవడం అంటే ఏమిటో అలంకారశాస్త్రం పుటల కంటే ఆ ఆవు మెడలో నాకు ఎక్కువ తెలిసింది.

నల్లగ్రానైటు గానీ, ఈ ప్రాంతపు బూడిదరంగు గ్రానైటు గానీ ఉలికి సులువుగా లొంగదు. హొయసళుల మెత్తని రాతిలో గొలుసు కడియాల గుండ్లు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ ఆ ముచ్చట లేదు. గీత మిగలాలి, నగ పోవాలి. వదిలేయక తప్పని రాయి కనుక శిల్పి ఏది వదలకూడదో తేల్చుకున్నాడు. వదలనిది నిలకడ. అదే ఈ శిల్పం బలం.

పైభాగంలో రాత ఉన్నచోట మాటలు కూడా బొమ్మ లాగానే పొదుపు. ఫలానా రాజు ఏలుతుండగా, ఫలానా ఊరి ఆవులను శత్రువులు తోలుకుపోతుంటే, ఫలానావాడి కొడుకు ఫలానా అడ్డుపడి, ఆవులను మరలించి, స్వర్గానికి వెళ్లాడు. కొన్నింట్లో చివర ఇంకో వాక్యం: వాడి వాళ్లకు ఇంత భూమి ఇచ్చాం, దీన్ని చెరిపినవాడు పాపాన పోతాడు. ఆ భూమిని నెత్తరు కొడగి అన్నారు. నెత్తురుకు ఇచ్చిన మాన్యం. అందం గురించి రాస్తూ భూమి మాట ఎందుకంటారేమో. ఈ రాతిలో అందాన్నీ బాధ్యతనూ విడదీసి చూడలేం. పైన దేవకన్యలు, కింద మడిచెక్క. ఊరు తన మనిషికి స్వర్గం రాసిచ్చి ఊరుకోలేదు, వాడి పిల్లలకు అన్నం కూడా రాసిచ్చింది. ఆ రెండూ ఒకే పలక మీద ఉన్నందుకే వీరుడి ఒంట్లో అంత నిబ్బరం కనిపిస్తుందని నాకు అనిపిస్తుంది.

మనకు కారెంపూడి తెలుసు. పల్నాటి వీరుల గుడిలో రాళ్లను ఇప్పటికీ కార్తీక అమావాస్యకు కొలుస్తారు, కథ పాడతారు, ఆయుధాలకు స్నానం చేయిస్తారు. అక్కడ పాట రాతిని మోస్తోంది. కోలారు పల్లెల్లో పాట పోయింది, చాలాచోట్ల పేరు కూడా పోయింది. ఇక్కడ రాయి ఒక్కటే కథ మోస్తోంది. ఆ ఒంటరితనం వల్ల కాబోలు, దానిలోని ప్రతి గీతకూ పని ఎక్కువ.

కోలారు పట్టణంలో ఈ తీరుకు పెద్ద రూపం ఒకటి ఉంది. కోలారమ్మ గుడి ఆవరణలోని యుద్ధపు పలక. రాజేంద్రచోళుడి కాలపు శాసనాలున్న గుడి ఇది. తేలును కొలిచే చోటుగా కూడా పేరు. పలక మీద ఏనుగులు, గుర్రాలు, మనుషులు ఒకరి మీద ఒకరు కిక్కిరిసి ఉన్నారు. పల్లె రాతిలో ఒంటరి మనిషికి ఉన్న ఊపిరి ఇక్కడ లేదు. దాని అందం వేరు, ఆ రద్దీలోనే ఉంది. ఏ కాలు ఎవరిదో తేల్చుకోవడానికి కన్ను తడుముకోవాలి, ఆ తడుములాటే యుద్ధం. నిజం చెప్పాలంటే నాకు పల్లె రాయే ఎక్కువ ఇష్టం.

ఆవణి గురించి రెండు మాటలు. ముళబాగిలుకు దగ్గర, కొండ కింద, రాముడి పేరా లక్ష్మణుడి పేరా భరతుడి పేరా శత్రుఘ్నుడి పేరా వరుస శివాలయాలు ఉన్న ఊరు. సీతమ్మ ఇక్కడే కవలలను కన్నదని జనం నమ్మకం. ఇక్కడి మఠాన్ని నలభై ఏళ్లు నడిపిన త్రిభువనకర్తర అనే శైవాచార్యుడు యాభై గుళ్లు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించి 961లో గతించాడని అక్కడి శాసనం. కత్తి పట్టనివాడికి కూడా ఈ నేల స్మారకం రాసింది, రాసి గుళ్లనూ చెరువులనూ ఒకే వాక్యంలో లెక్కపెట్టింది. వానలు పడ్డ ఏడు ఆ వాక్యంలో సగం ఇప్పటికీ నీళ్లతో నిండుతుంది.

కోలారులోనే ఇంకో తీరు స్మారకం, మఖ్బరా ఉంది, హైదర్ అలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి. బంగారుపేట దగ్గర బూదికోటె హైదర్ పుట్టిన ఊరు. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో హైదర్ కన్నుమూసినప్పుడు, కొడుకు టిప్పు మలబారు వైపు ఉన్నాడు. సైన్యానికి సంగతి పొక్కకూడదని దేహాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెట్టెలో ఉంచి, ఖజానా సొమ్ము తరలిస్తున్నట్టు పహరాతో కోలారుకు పంపారు. తండ్రి సమాధి దగ్గర కొన్నాళ్లు దాచి, తరువాత శ్రీరంగపట్నం చేర్చారు. అక్కడి సమాధిమందిరం గుంబజ్ ఎంత వైభవంగా ఉన్నా, ఈ చిన్న మఖ్బరా నీడలో నిలబడితే మనసుకు పట్టేది వేరు: మైసూరును ఏలిన మనిషి చివరికి రహస్యంగా వచ్చి నాన్న పక్కన పడుకున్న చోటు ఇది. రాతి మీద ఈ ముక్క చెక్కి ఉండనక్కర లేదు. తెలిసి చూస్తే ఆ గోడల తెలుపు రంగే మారిపోతుంది.

ఇక ఇనుము దగ్గరికి వద్దాం.

కోలారు నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్లు వెళితే కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, బంగారు గనుల ఊరు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం. దూరం నుంచే ఆకాశానికి ఆనుకుని హెడ్‌గేర్లు కనిపిస్తాయి. గని నోటి మీద నిలబెట్టిన ఉక్కు గోపురాలు. వీరగల్లు కింది నుంచి పైకి చదివేదైతే, హెడ్‌గేర్ పై నుంచి కిందికి చదివేది. కొసన రెండు చక్రాలు, చక్రాల మీదుగా ఉక్కు తాడు, తాడు చివర కేజ్, కేజ్‌లో మనుషులు. అక్కడితో కంటికి కనిపించేది అయిపోతుంది. మిగతా కథ నేలలోపల మూడు కిలోమీటర్లకు పైగా ఉంది. ఛాంపియన్ రీఫ్ గని 3,200 మీటర్ల దాకా దిగింది. ఒక్క తాడుతో అంత లోతు పోలేకపోయేవారు. ఒక షాఫ్టు దిగి, సొరంగంలో నడిచి, మరో షాఫ్టులో మళ్లీ దిగాల్సి వచ్చేది. అడుగున రాయి అరవై డిగ్రీలు దాటి కాలుతుండేది.

హెడ్‌గేర్‌ను పక్కనుంచి చూడండి. ముందు కాళ్లు నిటారుగా షాఫ్టు మీద నిలిచాయి. వెనక కాళ్లు రెండు ఏటవాలుగా, దూరంగా, ఇంజను గది వైపు చాచి ఉన్నాయి. ఇది సొగసు కోసం పెట్టింది కాదు. ఇంజను గదిలోని డ్రమ్ము తాడును ఒకవైపు లాగుతుంది, కేజ్ బరువు అదే తాడును నేరుగా కిందికి లాగుతుంది. రెండు లాగుళ్లూ కలిసి గోపురాన్ని ఇంజను గది వైపు పడదోస్తాయి. ఆ తోపుడుకు ఎదురుగా కాలు చాచి నేలను తన్నిపట్టాలి. తన్నిపట్టింది. ఇప్పుడు మళ్లీ ఆ పల్లె రాయిని గుర్తు చేసుకోండి. ఒక కాలు నిలిపి, ఒక కాలు చాచి, బిగించిన నారి. అదే ఆలీఢం! లండన్‌లో లెక్కలు కట్టిన ఇంజనీరుకు నొలంబుల శిల్పి తెలియడు. బరువును ఓర్చుకునే ఒంటికి మాత్రం ఏ కాలంలోనైనా ఒకే నిలకడ. ఈ పోలిక నాకు తట్టిన రోజు ఆ తుప్పుపట్టిన ఉక్కు ముందు చాలాసేపు కదల్లేకపోయాను. నా కంటికి కోలారు జిల్లాలో అన్నిటికన్నా పెద్ద వీరగల్లు అదే.

కానీ ఆ వీరగల్లు మీద పేర్లు, అంటే షాఫ్టులకు పెట్టిన పేర్లు చూడండి. గిఫర్డ్, హెన్రీ, ఎడ్గర్, బుల్లెన్, టెన్నెంట్. పేటకు మైసూరు రెసిడెంటు డొనాల్డ్ రాబర్ట్‌సన్ పేరు, రైలు జంక్షనుకు కమిషనరు బౌరింగ్ పేరు. ఆ బౌరింగ్‌పేటే తరువాత బంగారుపేట అయింది. 1802లో ఈ నేల మీద బంగారం జాడ రాసిపెట్టిన సైనికాధికారి జాన్ వారెన్. అతని రాతలు చదివి 1870లలో మైసూరు సర్కారు అనుమతి తెచ్చుకున్న ఐరిష్ సైనికుడు మైకేల్ లావెల్. అతని పేరు బెంగళూరులో ఒక ఖరీదైన వీధికి ఉంది. 1880లో వచ్చిన జాన్ టేలర్ అండ్ సన్స్ గనులను లోతుకు దించింది. 1902లో శివనసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాల కంటే మూడేళ్లు ముందు. ఈ పేర్లన్నీ పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వారెన్‌కు బంగారం చూపించినది మాత్రం మట్టి కడిగి రేణువులు ఏరుకునే ఊళ్లవాళ్లు. గనుల్లోకి దిగినది ఎక్కువగా ఉత్తర ఆర్కాటు జిల్లా తమిళ దళితులు, వారితోపాటు మన చిత్తూరు వైపు తెలుగువాళ్లు. రాతి ఒత్తిడి తెగి గనిలో రాయి పేలినప్పుడు పోయినవాళ్లు, రాతి దుమ్ము తెచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌తో ఇంటి అరుగు మీద దగ్గుతూ పోయినవాళ్లు వేరే. ఏ షాఫ్టు పేరుగానూ వాళ్లు లేరు.

అయినా ఆ కట్టడం వాళ్లనే చూపిస్తోంది. రసం పేరుతో పని లేకుండా పుడుతుంది. ఆ చక్రాల వైపు చూసినవాడికి గిఫర్డ్ ఎవరో గుర్తురాడు. పొద్దున సైరన్‌కు లేచి టిఫిను డబ్బా పట్టుకుని కేజ్‌లో భుజం భుజం ఆనించి నిలబడ్డ మనిషే గుర్తొస్తాడు. వ్యంజనకు ఇంతకంటే గొప్ప ఉదాహరణ నేను ఇవ్వలేను. రాసింది ఒకరి పేరు, ధ్వనించేది ఇంకొకరి ప్రాణం.

ఆ లోతుల్లో మరో అద్భుతం జరిగింది. 1965లో ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు వేల మీటర్లకు పైగా లోతున టాటా పరిశోధన సంస్థ, జపాన్ ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండ్ డర్హమ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టుకుని కూర్చున్నారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలను ఆ మందపు రాయి దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది. ఆపలేనిది న్యూట్రినో అనే కణాన్ని. అది పక్కనుంచి రాతిలో దూసుకొచ్చి, పరికరం దగ్గరలో ఎక్కడో తాకి, మ్యుయాన్ అనే మరో కణాన్ని పుట్టిస్తుంది. అందుకే వాళ్లు పరికరాలను గోడల్లా నిలబెట్టి అడ్డంగా చూశారు. వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలు మనిషికి మొదటిసారి చిక్కినది అక్కడా, అదే ఏడు దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ. నిలువుగా చూడటం నేర్పిన నేల ఇది, పైకీ కిందికీ. ఆ అడుగున మనిషి చూపు మొదటిసారి అడ్డంగా తిరిగింది. ఈ ఊహ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం ఎనిమిది వందల టన్నులకు పైగా అని లెక్క. బంగారం వెళ్లిపోయింది, దాన్ని పిండగా మిగిలిన పిప్పి ఇక్కడే ఉంది. సైనైడ్ దిబ్బలు. పిండిచేసిన రాతిని సైనైడు నీళ్లలో నానబెట్టి బంగారం కరిగించుకున్నాక పారబోసిన ఇసుక. గంధపు రంగు, గడ్డి మొలవని ఒళ్లు, వానలకు పడిన గాడులు. సాయంత్రం ఎండకు ఆ గాడులన్నీ చీర కుచ్చిళ్లలా మడతలు పడి మెరుస్తాయి. సినిమావాళ్లు ఊరికే రాలేదు ఇక్కడికి. కానీ అదే ఇసుక గాలికి లేచి ఇళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అందాన్ని చూసి ఊపిరి బిగబట్టడం, దుమ్ముకు ఊపిరి బిగబట్టడం ఇక్కడ ఒకటే. శృంగారంతో మొదలైన చూపు బీభత్సంలో తేలుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఏ రసంలోనూ పూర్తిగా నిలవనీయని దృశ్యం. 2024లో కర్ణాటక మంత్రివర్గం పదమూడు దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయడానికి ఒప్పుకుంది. దుమ్ము తగ్గితే అక్కడివాళ్లకు మేలే, నేను కాదనను. దిబ్బలు పోతే మనం చూసిన ఒక మహాశిల్పం పోతుందన్నది కూడా అంతే నిజం. చేతులు లక్షల్లో కలిసి, ఎవరూ ఉద్దేశించకుండా చేసిన శిల్పం.

వీటన్నిటికంటే పాత స్మారకం ఈ జిల్లాలోని పెద్దపల్లిలో ఉంది. పేరులోనే తెలుగు వినిపించే ఆ ఊరి రాళ్లను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. అగ్నిపర్వతం ఎగజిమ్మిన ముక్కలు, లావాతో కలిసి గడ్డకట్టి, 250 కోట్ల ఏళ్లు దాటి అక్కడే ఉన్నాయి. బూడిదరంగు బండలో వేరే రంగు రాతి ముక్కలు పొదిగినట్టు ఉంటాయి, గుండ్రంగా కొన్ని, కోసుగా కొన్ని. కోలారు బంగారం ఇమిడిన రాతిపట్టీ కూడా ఆ పాత అగ్నిపర్వతాల సంతానమే. వీరుడూ లేడు, శిల్పీ లేడు, చూసేవాడు ఒక్కడే ఉన్నాడు. అద్భుతరసానికి అంతే చాలు.

నాకొక కోరిక ఉంది. ఒక్క హెడ్‌గేర్‌నైనా రంగు వేయకుండా, తూకానికి అమ్మకుండా నిలపాలి. ఈ జిల్లాలో రాతి మీద రాసే పద్ధతి ముందే ఉంది కనుక దానికి కొత్త భాష వెతకనక్కర లేదు. దాని పాదం దగ్గర ఇక్కడి గ్రానైటు పలకలు పాతాలి. తమిళంలో, తెలుగులో, కన్నడంలో, ఉర్దూలో, వీరగల్లు శాసనం రాసిన తీరులోనే రాయాలి: ఫలానా ఊరి, ఫలానావాడి కొడుకు ఫలానా, ఫలానా ఏడు, ఫలానా షాఫ్టులో, ఇన్నో లెవెల్లో రాయి పేలి పోయాడు. కింద నెత్తరు కొడగి వాక్యం కూడా ఉండాలి, వాడి పిల్లలకు ఏమిచ్చామో. ఇచ్చింది ఏమీ లేకపోతే ఆ చోటు ఖాళీగా వదిలి పలక పాతాలి.